గనుల గుట్టలు – వానదినపు లెక్క

రాయదుర్గము సీమలో గుట్టలు రెండు విధములు. మొదటివి ప్రకృతి నిలిపినవి. రాయదుర్గపు కోటను తలపై మోయుచున్న కొండ అట్టిది. అది లెక్కలేనన్ని వానలకు తడిసి, ఎండలకు పగిలి, కూలవలసినదెల్ల ఏనాడో కూలిపోగా మిగిలిన గట్టిభాగము. రెండవవి మానవుడు పోసినవి. ఇనుపరాయికై కొండను త్రవ్వి, పనికిరాని రాతిని, మట్టిని లారీల కెత్తి ప్రక్కవాలుమీద గ్రుమ్మరింపగా లేచినవి. మొదటి గుట్ట పరీక్షలో నెగ్గి నిలిచినది. రెండవ గుట్ట ఇంకను పరీక్షకు కూర్చుండియే యున్నది. ఆ పరీక్షాధికారి పేరు వాన. మన సీమకు ఆయన ఏటేట రాడు; వచ్చిననాడు ముందుగా కబురంపి రాడు.

రాయదుర్గము 1953 అక్టోబరు 1వ తేదీ వరకు బళ్ళారి జిల్లాలోని తాలూకా. ఆంధ్రరాష్ట్రావతరణముతో అది అనంతపురము జిల్లాలో చేరినది. పాలనలో గీత గీయబడినదే కాని కొండలు మాత్రము విడిపోలేదు. రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు బళ్ళారి జిల్లా రాళ్ళను శోధించి 1895లో ప్రకటించిన గ్రంథము నేటికిని ఈ ప్రాంతమును గూర్చిన మూలాధారములలో నొకటి. సండూరు, బళ్ళారి కొండల ఇనుపరాతి పొరలు రాష్ట్రముల సరిహద్దు నెరుగవు. డి. హీరేహాళ్ మండలములోని ఓబుళాపురము ఆ కొండలకు ఆంధ్రపు టంచున నున్నది.

ఓబుళాపురము పేరు దేశమంతట మారుమ్రోగిన కారణము పాఠకు లెరుగుదురు. 2009 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వ మచ్చటి తవ్వకమును నిలిపివేసెను. అదే సంవత్సరము డిసెంబరులో సి.బి.ఐ. కేసు నమోదు చేసెను. 2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో ఇనుపరాతి తవ్వకమును ఆపివేసెను. 2025 మే 6న హైదరాబాదులోని సి.బి.ఐ. ప్రత్యేక న్యాయస్థానము ఓబుళాపురపు కేసులో కొందరికి ఏడేండ్ల శిక్ష విధించెను. తరువాతి నెలలో తెలంగాణ హైకోర్టు ఆ శిక్షల అమలును నిలిపివేసి బెయిలు మంజూరు చేసెను. ఎవరు త్రవ్విరి, ఎంత త్రవ్విరి, ఎవరి హద్దు దాటిరి అను ప్రశ్నలకు న్యాయస్థానములు కలవు. అవి తమ పని తాము చేయును. కాని త్రవ్వినది పోగా మిగిలినది, పోసినది, నిలిచియున్నది ఎంతకాలము నిలుచును? ఈ ప్రశ్న నే న్యాయవాదియు అడుగడు. గుట్ట దిగువన పొలమున్న రైతు అడుగవలెను. ఈ వ్యాసము ఆ ప్రశ్నను గూర్చినది.

గనులలో సరుకు చిక్కుటకు ముందు తొలగింపవలసిన మట్టి, రాయి చాల యుండును. గనివారు దీనిని పోసిన కుప్పను డంపు అందురు. ఇనుప గనుల డంపులో ఒకేజాతి రాయి యుండదు. చారలుగా ఇనుమును చెకుముకి రాయియు కలిసిన గట్టి బండలు కొన్ని. వానగాలులకు కుళ్ళి, చేత నలిపిన పొడియగు పలుకరాళ్ళు కొన్ని. ఎర్రని బంకమట్టి కొంత. నాగపూరులోని ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ వారు హెమటైటు రాతికి 45 శాతము ఇనుమును అవధిగా నిర్ణయించిరి. అంతకు దిగినది వ్యర్థము క్రింద జమ. అయితే విదేశములలో ధర పెరిగిననాడు నిన్నటి వ్యర్థము నేడు సరుకగును. అప్పుడు గుట్ట పాదమును త్రవ్వి తరలించు నాశ పుట్టును. పాదము త్రవ్విన గుట్ట కాలు నరికిన మనిషివంటిది. కనుక గుట్ట పోసిననాటి లెక్క తరువాతి యేండ్లకు పనికిరాదు. ప్రతి మార్పునకును మరల లెక్కింపవలసినదే.

ఈ లెక్క యెట్లు చేయుదురు? మన రైతులకు దాని మూలసూత్రము కొత్త కాదు. కళ్ళములో వేరుశనగకాయలు కుప్ప పోయునప్పుడు కుప్ప కొంతవరకు నిటారుగా లేచును; అటుపై ఎన్ని గంపలు పోసినను కాయలు ప్రక్కలకు జారి కుప్ప వెడల్పగునే కాని నిటారు కాదు. ఆ వాలు కాయకును కాయకును గల రాపిడి బలమునకు గుర్తు. పగిలిన రాతికిని అట్టి సహజపు వాలు గలదు; సాధారణముగా 35 మొదలు 38 డిగ్రీల వరకు. లారీ గుట్టమీదికెక్కి అంచునుండి గ్రుమ్మరించిన రాయి సరిగా ఆ వాలులోనే ఆగును. చూచువారు “చక్కగా నిలిచినది గదా” అందురు. ఇంజనీరు మాట వేరు. నిలుపు బలమును జార్చు బలముతో భాగించగా వచ్చిన దానిని అతడు భద్రతా గుణకమనును. గుణకము 1 అనగా త్రాసు ముల్లు నడుమ నిలిచినది. దానికి పైన నున్నది క్షేమము, దిగువ నున్నది పతనము. లారీ దించినది దించినట్లున్న రాతిముఖము గుణకము ఒకటికి అతి చేరువ. అది నిలిచినదని కాదు, ఇంకను జారలేదని చెప్పుట సత్యము.

చెరువుకట్టతో పోల్చి చూడుడు. కట్టయు మట్టికుప్పయే. కాని మన పెద్దలు కట్టను వేయునప్పుడు మొదట నేలపై చెట్టు చేమ పీకి, మెత్తని పైమట్టిని తీసివేసి, గట్టినేల తగులువరకు పోయి, అటుపై పొరపొరగా మన్ను పోసి, తడిపి, దిమ్మిస కొట్టి లేపిరి. లోపలి వాలునకు రాతి పేర్పు, మిగులు నీటికి అలుగు, విడుదలకు తూము ఏర్పరచిరి. కట్ట పాదమున ఊట కనబడినచో రాత్రికి రాత్రే ఊరంతయు గంపలతో పరుగెత్తెడిది. అట్టి శ్రద్ధ గల కట్టలకే గండ్లు పడుట మనము చూచితిమి. చెరువుకట్టకు పది యింతలు ఎత్తుగా, దిమ్మిస దెబ్బ యెరుగక, చెట్టు చేమలమీదనే, వాలుమీదనే పోయబడిన గుట్టకు అలుగెక్కడ? తూమెక్కడ? ఊట చూచు నీరటికా డెవడు?

ఇక నీటి సంగతి. నీరు నూనెవలె రాళ్ళను జారుడు చేయునని చాలమంది తలంతురు. అది సరికాదు. రాతి సందులలో నిండిన నీరు పైబరువును కొంత తానే మోయును. రాయి రాతిపై మోపు బరువు ఆ మేరకు తగ్గును. బరువు తగ్గినచో రాపిడి తగ్గును; రాపిడి తగ్గినచో నిలుపు బలము తగ్గును. జార్చు బలము మాత్రము తగ్గదు. ఒక చిన్న లెక్క చూడుడు. 37 డిగ్రీల సహజపు వాలు గల రాతిని, ఎత్తు 1కి వెడల్పు 2 చొప్పున పరచినచో, పొడిగా నున్నప్పుడు దాని గుణకము ఇంచుమించు ఒకటిన్నర. అదే వాలు నీటితో పూర్తిగా నిండి, ఆ నీరు వాలువెంట దిగువకు పారుచున్నచో గుణకము సుమారు సగమగును, అనగా ముప్పాతిక. పొడిదినమున నిశ్చింతగా నిలిచినది తడిదినమున కూలితీరవలెను. గుట్ట మారలేదు, వాలు మారలేదు, మారినది నీరు మాత్రమే.

కొద్దిపాటి తేమ ఇంకొక మోసము చేయును. పిల్లలు తడియిసుకతో గుళ్ళు కట్టుదురు. గోడలు నిటారుగా నిలుచును. ఒక చెంబు నీరు పోయగానే గుడి మాయమగును. మట్టి కలిసిన గుట్టయు నట్లే. కొద్ది తేమతో తన బలమునకు మించి నిటారుగా నిలిచి, ఏండ్లతరబడి చూపరులను నమ్మించి, నీరు నిండిననాడు ఒక్కపెట్టున మాట తప్పును.

అనంతపురము జిల్లా వార్షిక సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. దేశములో అత్యల్ప వర్షము గల సీమలలో ఇది యొకటి. కనుక “ఇచ్చట వానలే లేవు, గుట్టలకు భయమేమి” అను వాదము సహజముగా పుట్టును. ఈ వాదమే మన సీమకు గల అపాయములలో మొదటిది. సగటు లెక్క పంటకు సంబంధించినది. గుట్టకు సంబంధించినది ఒక్క దినపు లెక్క. మన వాన ఏడాదికి సమముగా పంచబడదు. నెలల తరబడి మొగము చాటుచేసి, సెప్టెంబరు అక్టోబరులలో ఒక రాత్రి కుంభవృష్టియై వచ్చును. 2022 అక్టోబరులో అనంతపురపు కాలనీలు నీట మునిగి జనులు పడవలలో బయటపడిన సంగతి మరువరాదు. కరవుసీమలోని పట్టణము వరదలో మునిగినది! ఆ వాన గుట్టమీద కురిసినచో ఎట్లుండునో లెక్క కట్టుటయే గుట్ట నిలుకడను పరీక్షించుట.

వాన తక్కువైన సీమలో రెండవ అపాయము వంకలది. పది నెలలు ఎండియుండు వంక పరాయివాని కంటికి ఊరక పడియున్న గొయ్యి. లారీవానికి దానిని నింపుట సులభము, చౌక. కాని ఎండిన వంక చచ్చిన వంక కాదు. దాని పరీవాహకమంతయు తలపై నట్లే యున్నది. వాన కురిసిననాడు నీరు తన పాత దారినే వెదకును. దారిలో గుట్ట యున్నచో దాని గర్భములో దూరును. పైన పోసిన గుట్ట అడుగునుండి నిండును. ఇంతకంటె చెడ్డ పునాది లేదు.

ఇది ఊహ కాదు. దీనికి లోకప్రసిద్ధమైన సాక్ష్యము గలదు. బ్రిటనులోని వేల్సు దేశమున అబర్‌ఫాన్ అను బొగ్గు గ్రామము. కొండ వాలుమీద వరుసగా వ్యర్థపు గుట్టలు పోసిరి. ఏడవ గుట్టను 1958లో మొదలుపెట్టిరి. దాని అడుగున నీటిబుగ్గలు గలవు. ఆ బుగ్గలు పటములలో సైతము గుర్తింపబడియున్నవి. 1944లో నాలుగవ గుట్ట జారినది. 1963లో ఏడవ గుట్టయే ఒకమారు జారినది. స్థానికాధికారులు అదే యేట బడి వెనుకటి గుట్టను గూర్చి లేఖలు వ్రాసిరి. 1966 అక్టోబరు 21 ఉదయము పిల్లలు బడిలో కూర్చుండిన వేళ గుట్ట దిగివచ్చినది. 144 మంది మరణించిరి. అందు 116 మంది పిల్లలు. విచారణసంఘము జాతీయ బొగ్గు బోర్డును దోషిగా నిర్ణయించెను. ఆ బోర్డు లాభమునకై పనిచేయు సేటుది కాదు, ప్రభుత్వ సంస్థ. జాతీయము చేసినంతమాత్రమున గుట్ట నిలువదని దీనివలన తేలినది. అంతకంటె సిగ్గుచేటైన విషయ మొకటి కలదు. మిగిలిన గుట్టలను తొలగించు వ్యయములో 1,50,000 పౌనులను, మృతుల కుటుంబములకై లోకులు పంపిన విరాళముల నుండి ప్రభుత్వము తీసికొన్నది. ఆ సొమ్మును తిరిగి యిచ్చినది 1997లో. గుట్ట పోసినవాడు చెల్లింపనిచో చివరకు చెల్లించునది ఏడ్చువాడే.

మన దేశములో 2016 డిసెంబరు 29న ఝార్ఖండులోని లాల్‌మటియా వద్ద రాజమహల్ బొగ్గుగనిలో గుట్టయు, దాని క్రింది నేలయు కూలి 23 మంది కార్మికులు మరణించిరి. ఆ గనియు ప్రభుత్వ సంస్థదే. బర్మాలోని హ్పాకాంత్ పచ్చరాతి గనులలో 2020 జూలై 2న భారీవానల నడుమ వ్యర్థపు గుట్ట విరిగి, నీరు నిండిన గోతిలో పడగా లేచిన కెరటమునకు 170 మందికి పైగా బలియైరి. వారిలో అధికులు గుట్టలలో తుక్కురాయి ఏరుకొని బ్రతుకు పేదలు. మూడు దేశములు, మూడు విధముల రాళ్ళు. గుట్ట కూలి మనుషులు బలియగుట మాత్రము మూడింటికి సమానము.

కొలుచు విద్య నేడు పరిపూర్ణముగ నున్నది. 1916లో స్వీడనులోని గోటెన్‌బర్గు రేవుగట్టు జారిపోగా అచ్చటి ఇంజనీర్లు జారిన మట్టిని నిలువు ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్క బరువును, రాపిడిని లెక్కించు పద్ధతిని కల్పించిరి. 1955లో లండనులోని బిషప్ అను ఆచార్యుడు నీటి ఒత్తిడిని చేర్చి దానిని సంస్కరించెను. నాడు వారములు పట్టిన గణితమును నేడు కంప్యూటరు నిమిషములలో చేయును. కాని యంత్రము మనము పెట్టిన అంకెలనే తిరుగవేయును. అంకెలు గుట్టనుండి రావలెను. గుట్టలో రంధ్రములు వేసి రాతిని, మట్టిని వెలికితీసి ప్రయోగశాలలో నలిపి రాపిడిబలము తెలిసికొనవలెను. గుట్టక్రింది నేలనుకూడ అట్లే పరీక్షింపవలెను. పాత సర్వే పటములను, గ్రామపటములను ముందిడుకొని గుట్ట ఏ వంకను కప్పినదో చూడవలెను. నీటిమట్టము తెలుపు పియజోమీటరు గొట్టములు నాటవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, లెక్కను వేసవిదినమునకు కాక, నూరేండ్లలో ఒకమారు వచ్చు వానదినమునకు వేయవలెను. ఆ దినమున గుణకము ఒకటికి పైన మిగిలినచో గుట్ట నిలుచును. పొడిదినపు గుణకము ఎంత గొప్పదైనను అది సగము సాక్ష్యమే.

యంత్రములు లేకున్నను గ్రామస్థుడు కనిపెట్టదగిన గుర్తులు కొన్ని గలవు. గుట్ట తలపై అంచునకు సమాంతరముగా పగుళ్ళు పడుట; పాదము ఉబ్బుట; కొత్తగా ఊట కనబడుట; నిర్మలమైన ఊట బురదనీరగుట; గుట్టపై చెట్లు ఒకవైపు ఒరుగుట. బావి తవ్విన మట్టిని బావి గట్టుననే పోయరాదని మన రైతు ఏ పుస్తకమునందును చదువలేదు. ఆ జ్ఞానము చాలును. ఈ గుర్తులలో ఏది కనబడినను ఆ దినముననే వ్రాతమూలకముగా తెలుపుట పంచాయతీ విధి.

కూలుట ఒక్కటే కీడు కాదు. కూలని గుట్టయు కరగును. ప్రతి వానకును దాని పొడి, బంకమట్టి వంకలలో దిగి చెరువులలో పూడికయగును. ఎకరమునకు తడి కరవైన సీమలో చెరువు ఒక అడుగు పూడుట ఎంత నష్టమో ఆయకట్టు రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. నివారణ మార్గములు కొత్తవి కావు: గుట్టను మెట్లుమెట్లుగా తీర్చుట, మెట్లను లోపలికి వాల్చి నీటిని ప్రక్క కాలువలకు మరలించుట, గుట్ట చుట్టును మాలకాలువ త్రవ్వుట, పాదమున రాతిగోడ, వంకలలో అడ్డుకట్టలు, వాలుపై కొబ్బరిపీచు చాపలు పరచి గడ్డి, మొక్కలు నాటుట. అవకాశమున్నచోట గుట్టను మరల గోతిలోనే నింపుట శ్రేష్ఠము. గోతిలోని రాయి ఎక్కడికిని జారదు.

చట్టములు లేవా? కలవు. 1952 నాటి గనుల చట్టము 2025 వరకు అమలులో నుండెను. గనుల భద్రతను చూచుటకు ధన్‌బాదులో గనుల భద్రతా డైరెక్టరు జనరలు గలరు. 2003 నుండి గని మూసివేత ప్రణాళిక నిర్బంధము. రాజమహల్ దుర్ఘటన తరువాత వచ్చిన 2017 నాటి బొగ్గుగనుల నిబంధనలు గుట్ట వాలు 37.5 డిగ్రీలను మించరాదనియు, 30 మీటర్లకు పైబడిన గుట్టను మెట్లుగా తీర్చవలెననియు, మొత్తపు వాలు ఎత్తు 1కి వెడల్పు 1.5ను మించి నిటారు కారాదనియు చెప్పుచున్నవి. బొగ్గునకు తగిన జాగ్రత్త ఇనుమునకు తగదా?

సుప్రీంకోర్టు కర్ణాటక గనుల విషయమున చేసిన పని ఇంకను గమనింపదగినది. 2013 ఏప్రిల్ 18 నాటి తీర్పులో కోర్టు గనులను మూడు తరగతులు చేసిన ఏర్పాటును అంగీకరించెను. హద్దు దాటిన తవ్వకము కౌలు విస్తీర్ణములో 10 శాతమును గాని, హద్దు దాటిన వ్యర్థపు గుట్టలు 15 శాతమును గాని మించిన గనులు మూడవ తరగతి. వాని కౌళ్ళు రద్దు. రెండవ తరగతివారు అక్రమపు గోతికి హెక్టారుకు 5 కోట్ల రూపాయలు, అక్రమపు గుట్టకు హెక్టారుకు 1 కోటి రూపాయలు చెల్లింపవలెను. ప్రతి గనికిని పునరుద్ధరణ ప్రణాళిక, అందు గుట్టల స్థిరీకరణము విధి. అనగా గుట్ట అనునది ఊరక పడియున్న మట్టి కాదు, వెల గల బాధ్యత యని దేశపు అత్యున్నత న్యాయస్థానము నిర్ణయించినది. గట్టుకు ఆవల ఏది న్యాయమో ఈవలను అదియే న్యాయము. కొండ ఒక్కటే, రాయి ఒక్కటే, వాన ఒక్కటే.

గనులు వలదనుట మా వాదము కాదు. ఇనుము లేక నాగలి లేదు, రైలు లేదు, వంతెన లేదు. కరవునాడు గనికూలి కొన్ని కుటుంబముల పొయ్యి వెలిగించినది నిజమే. వ్యయ మధికమనువారికి సమాధాన మొక్కటి: 2015లో సవరింపబడిన గనుల చట్టము జిల్లా ఖనిజ నిధిని ఏర్పరచినది. పాత కౌలుదారులు రాయల్టీలో 30 శాతమును, వేలములో గెలిచినవారు 10 శాతమును దానికి చెల్లింపవలెను. గని పీడిత గ్రామముల మేలునకే ఆ నిధి. గుట్ట దిగువ గ్రామమునకు గుట్ట కొలత కంటె గొప్ప మేలేమి గలదు?

కావున రాయదుర్గపు భూస్వాములు, వర్తకులు, విద్యావంతులు మూడు కోరికలను ఏకకంఠముగా కోరవలెను. మొదటిది, సరిహద్దుకు ఈవల నున్న ప్రతి వ్యర్థపు గుట్టకును నిండు వానదినపు భద్రతా గుణకమును కట్టి ప్రకటింపవలెను. రెండవది, ఆ పత్రమును తెలుగులో వ్రాసి పంచాయతీ కచ్చేరి గోడకు అంటింపవలెను. ఆంగ్లములో వ్రాసి బీరువాలో దాచిన భద్రత ఎవనిని రక్షింపదు. మూడవది, ప్రతి యేట వానకారు ముందు ఇంజనీరు, పంచాయతీ పెద్దలు కలిసి గుట్ట చుట్టును నడిచి, పగుళ్ళను, ఊటలను చూచి సంతకములు చేయవలెను. ఎవరి సంతకమున్నదో వారి బాధ్యత యగును.

ఈ పని వాన రాకమునుపు చేయవలసినది. వాన వచ్చిన తరువాత మిగులునది విచారణసంఘమే. విచారణసంఘము సత్యమును వెలికితీయగలదు కాని మట్టిక్రిందినుండి మనిషిని లేపజాలదు.